కొనుక్కున్నోళ్ళం, అమ్ముడుపోయినోళ్ళం కాదు



"మీవాళ్ళు గోధుమ రవ్వకీ పాలపొడికీ అమ్ముడుపోయినోళ్ళే కదా?"

ఈ మాట ఒక్కసారైనా వినకుండా యూనివర్సిటీ చదువు పూర్తి చేసిన దళిత క్రైస్తవ పిల్లలు ఉంటారంటే నేను నమ్మను. కొందరు చాయ్ దగ్గర నవ్వుతూ అంటారు. కొందరు సెమినార్ హాల్లో "ప్రలోభాల ద్వారా మతమార్పిడి" అని మర్యాదగా అంటారు. భాష మారుతుంది, అర్థం ఒక్కటే. మీకు ఆకలి తప్ప బుద్ధి లేదు, ఆ ఆకలిని ఎవరో దొర వచ్చి కొనుక్కుపోయాడు అని.

ఈ వారం ఈ ఒక్క మాటనే పట్టుకుని కూర్చుందాం. ఇది బజారు భాష. సరుకు, ధర, అమ్మకం, కొనుగోలు. వాళ్ళు బజారు భాషలో అడిగినప్పుడు మనం వేదాంతంలో జవాబు చెప్పడం ఎందుకు? బజారు లెక్కలోనే చూద్దాం. ఆ బేరంలో కొన్నది ఎవరు, ఎంత పెట్టారు, ఇంకా ఎంత కడుతున్నారు?

ముందు మన బజారుకే పోదాం.

తార్నాక నుంచి లాలాపేట వైపు సాయంత్రం పూట నడిస్తే కూరగాయల బండ్లు కనిపిస్తాయి. మా అమ్మతో కూరగాయలకు పోవడమంటే నాకొక క్లాసు. బెండకాయ కొస విరిచి చూస్తుంది. పుటుక్కున విరిగితే లేతది, వంగితే ముదురు. వంకాయను తిప్పి తిప్పి పుచ్చు వెతుకుతుంది. కొబ్బరికాయను చెవి దగ్గర పెట్టుకుని ఊపుతుంది. ఎండాకాలం కొత్త కుండ కొనాలంటే వేలితో కొట్టి మోత వింటుంది. ధర అడిగి, పక్క బండికి పోయి అక్కడా అడిగి, మళ్ళీ ఇటే వచ్చి, తూకం ముల్లు నిలబడేదాకా చూసి, ఆఖరికి కొసరుగా రెండు పచ్చిమిరపకాయలు వేయించుకుని గానీ కదలదు. నా విద్యార్థులు పదివేల రూపాయల ఫోన్ కొనడానికి పది రోజులు వీడియోలు చూస్తారు, నలుగురు సీనియర్లను అడుగుతారు.

2016లో జియో వచ్చి నెలల తరబడి డేటా ఊరికే ఇస్తే దేశమంతా వరస కట్టింది. వాళ్ళను "డేటాకు అమ్ముడుపోయినోళ్ళు" అని ఎవరూ అనలేదు. పాత కంపెనీకి తిరిగి తోలుకురావడానికి ఎవరూ ఘర్ వాపసీ పెట్టలేదు. తెలివైన కస్టమర్ అన్నారు.

మరి పది రూపాయల బెండకాయలకు ఇంత పరీక్ష పెట్టే మనిషి, తన పిల్లల పుట్టుకనూ తన చావునూ అప్పగించే దేవుణ్ణి మాత్రం చూడకుండా, అడగకుండా, పిడికెడు రవ్వకు తీసేసుకుందని ఎట్లా నమ్ముతారు? మిగతావాళ్ళు మారితే అది ఎంపిక, మనం మారితే అది అమ్మకం. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది?

ఇక్కడ మనం మరిచిపోతున్న చరిత్ర ఒకటి ఉంది. బండి మీద బెండకాయ విరిచి చూడటం మనకు పుట్టుకతో వచ్చిన హక్కు కాదు. అంటరానితనం నడిచిన ఊళ్ళలో మాలమాదిగలు అంగడి మెట్టు ఎక్కకూడదు. పైసలు కింద పెట్టి దూరం జరగాలి. సరుకు పైనుంచి కొంగులో పడుతుంది. ఉప్పయినా పప్పయినా ముట్టుకోవడానికి లేదు, ముట్టుకుంటే మైల. ముట్టుకోకుండా లేతదో ముదురో ఎట్లా తెలుస్తుంది? తూకం ఎట్లా చూస్తాం? పుచ్చు వచ్చిందని వాపసు ఎట్లా ఇస్తాం? "అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి" అనే సామెతను లోకం ధరల గురించి చెబుతుంది. వాడకు మాత్రం కొనబోవడమే కొరివి.

ఏం తినాలో ఊరే చెప్పింది. చచ్చిన గొడ్డును ఈడ్చుకుపోయి తినమంది, దానికి "హక్కు" అని పేరు పెట్టింది. ఏం కట్టాలో, ఎక్కడ గుడిసె వేయాలో, ఏ బావి ముట్టకూడదో ఊరే చెప్పింది. దేవుడి సంగతీ అంతే. జాతరలో డప్పు కొట్టాలి, గుడి గడప తొక్కకూడదు. ఆ దేవుణ్ణి మనం ఎంచుకోలేదు, ఆ దేవుడూ మనల్ని లోపలికి పిలవలేదు. ఏ వస్తువునూ చేత్తో పట్టుకుని చూసి "ఇది నాకొద్దు" అనే వీలు లేని మనుషులు, చరిత్రలో మొదటిసారి ఒకదాన్ని చేత్తో పట్టుకుని చూశారు. అది ఒక మతం. ఈ కోణంలో చూస్తే తప్ప మన తాతల మతమార్పిడి అర్థం కాదు.

మా తాత ఒంగోలు వైపు పల్లె నుంచి లాలాగూడ రైల్వే వర్క్‌షాపుకు కూలి పనికి వచ్చాడు. నిజాం రైల్వే 1893లో పెట్టిన వర్క్‌షాపు అది. దాని సైరన్ వినబడే దూరంలోనే మా ఇంట్లో మూడు తరాలు పెరిగాయి. కానీ మా ఇంట్లో ఆదివారం ఎట్లా వచ్చిందని అడిగితే మా నాయనమ్మ లాలాపేట పేరు చెప్పేది కాదు, గుండ్లకమ్మ ఏరు పేరు చెప్పేది. అందుకని అక్కడికి పోక తప్పదు.

ఒంగోలుకు పడమటి వైపు పల్లెల్లో యెర్రగుంట్ల పేరయ్య అని ఒక మాదిగ ఉండేవాడు. ఆయన పని తోళ్ళ వ్యాపారం. ఊరూరూ తిరిగి తోళ్ళు కొనేవాడు, అమ్మేవాడు. తోలు కొనేవాడు దాన్ని తిప్పి చూడకుండా కొనడు. కోత ఎక్కడ పడింది, చిల్లు ఎక్కడుంది, దళసరి ఎంత, ఎన్నాళ్ళు నిలుస్తుంది అని వేళ్ళతో చూస్తాడు. పేరయ్య దేవుణ్ణి కూడా అట్లాగే వెతికాడు. క్రైస్తవం కన్నా ముందు ఆయన రాజయోగ మార్గంలో ఉన్నాడు. బండికట్ల వీరమ్మ అనే గురువు దగ్గర సాధన నేర్చుకున్నాడు. ఒక స్త్రీ గురువు, ఆమె దగ్గర ఒక మాదిగ శిష్యుడు! ఆ కాలపు మాదిగవాడల్లో రామానుజ మార్గం, యోగ మార్గం, నాసరయ్య మార్గం అన్నీ తిరుగుతూనే ఉన్నాయి. అంటే మిషనరీ వచ్చేసరికి వాడ ఖాళీగా లేదు. అడిగేవాళ్ళు, పోల్చి చూసేవాళ్ళు, గురువును మార్చుకునేవాళ్ళు అప్పటికే ఉన్నారు.

తోళ్ళ పని మీద ఉత్తరాదికి పోయినప్పుడు పేరయ్య ఏలూరులో చర్చి మిషనరీ సొసైటీకి చెందిన అలెగ్జాండర్ మాటలు విన్నాడు. విని ఊరుకోలేదు, ఇంటికొచ్చి మనసులో తిప్పి తిప్పి చూసుకున్నాడు. 1866లో భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. అప్పటికి ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషన్‌కు చర్చి లేదు. జాన్ ఇ. క్లౌ కాపురం పెట్టింది ఆ ఏడాది చివర్లో. ఒంగోలు సంఘం ఎనిమిది మందితో మొదలైంది 1867 జనవరి 1న. దుకాణం తెరవకముందే కొనేవాడు గుమ్మం ముందు నిలబడ్డాడు. తర్వాత కొద్ది రోజులకే పేరయ్య ఊరి వైపు క్లౌ పోతే, జనం రోజుల తరబడి కూర్చుని విన్నారు. పేరయ్య ముందుగానే వాళ్ళతో మాట్లాడి ఉన్నాడు. వాళ్ళలో 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఇంకో సంగతి. ఆ మొదటి రోజుల్లోనే ఒంగోలులో ఆధిపత్య కులాల పెద్దలు క్లౌ దగ్గరికి వచ్చి మాట్లాడారు. మాదిగలను చేర్చుకోవడం ఆపితే మేమూ మా పిల్లలూ మీ వైపు చూస్తాం, వాళ్ళు వస్తే మేం రాం అన్నారు. క్లౌ, ఆయన భార్య విడివిడిగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఒకే చోటు కంటపడిందని ఆయన చెప్పుకున్నాడు. లోకం నీచమని తోసేసినవాళ్ళనే దేవుడు ఎంచుకున్నాడని చెప్పే చోటు అది. పెద్దకులాల పిల్లలు స్కూలు వదిలిపోయారు. అమ్మేవాడు డబ్బున్న కస్టమర్లను పోనిచ్చి మాదిగలతో నిలబడ్డాడు. వాడను నిలబెట్టుకోవడానికి దొరకు ఈ నష్టం తగిలింది. ఇది కూడా లెక్కలో రాసుకోండి.

ఇప్పుడు అసలు ఆరోపణ దగ్గరికి వద్దాం. కరువు.

1876 నుంచి 1878 దాకా మద్రాసు ప్రెసిడెన్సీని మహా కరువు తిన్నది. ఒంగోలు ప్రాంతంలో జనం రాలిపోయారు. కరువు పనుల కింద బకింగ్‌హామ్ కాలువ తవ్వుతున్నారు. క్లౌ దాదాపు మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపించాడు. కూలి ఇచ్చాడు. అంటే మనవాళ్ళు చెయ్యి చాచి తెచ్చుకున్నది కాదు ఆ గింజ, మట్టి మోసి తెచ్చుకున్నది. ఆ పనిలో ఉండగా బాప్తిస్మం అడిగినవాళ్ళు వేలల్లో ఉన్నారు. క్లౌ ఇవ్వలేదు. దాదాపు పదిహేను నెలలు ఒక్కరికీ ఇవ్వలేదు. కూటి కోసం వచ్చారని రేపు లోకం అంటుందని ఆయనకు తెలుసు.

కరువు తగ్గింది. సాయం డబ్బు అయిపోయింది, ఇక మా దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదని మిషన్ చెప్పేసింది. అప్పుడు వచ్చారు. ఒక్కొక్కరుగా కాదు, వాడలకు వాడలు. 1878 జులై 3న ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మంది మునిగి లేచారు.

నా ప్రశ్న చాలా చిన్నది. గింజ కోసమే అయితే గింజ ఉన్న పదిహేను నెలలూ గొడవ చేసి తీసుకోవాలి. గింజ అయిపోయాక ఎందుకు వచ్చారు? సంత ముగిశాక, దుకాణం ఖాళీ అయ్యాక వచ్చి నిలబడినవాడు ఏం కొనడానికి వచ్చినట్టు?

ఇక ధర. కొనుగోలు అన్నాక ధర ఉండాలి కదా. ఒంగోలు సంఘంలో చేరే మాదిగలకు మూడు షరతులు ఉండేవి. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలను కొలవకూడదు. పైకి చూస్తే మూడూ మత నియమాలే. ఊరి లెక్కలో పెట్టి చూడండి.

ఆదివారం పని చేయననడమంటే, ఎప్పుడు పిలిస్తే అప్పుడు రావాల్సిన మనిషి వారంలో ఒక రోజు రానని చెప్పడం. వెట్టికి సెలవు అనే మాట లేదు. బొంబాయి మిల్లు కార్మికులకు ఫూలే సహచరుడు నారాయణ్ మేఘాజీ లోఖండే కొట్లాడి ఆదివారం సెలవు సాధించింది 1890లో. అంతకు ఇరవై ఏళ్ళ ముందే ఒంగోలు పల్లెల్లో చెప్పులు కుట్టే మనిషి, పొలం పని చేసే మనిషి, తన ఆదివారం తన దగ్గరే పెట్టుకున్నాడు. చచ్చిన గొడ్డు తిననంటే, ఊరు కూలి బదులు పడేసే దాన్ని తిప్పి ఊరి ముఖానే కొట్టడం. విగ్రహాలను కొలవననడమంటే జాతరలో డప్పు కొట్టనని చెప్పడం. డప్పు లేకపోతే ఊరి పండగ మూగపోతుంది.

ఊరు ఊరుకుంటుందా? పని బందు. నీళ్ళు బందు. అంగడిలో సరుకు బందు. దొంగ కేసులు, దెబ్బలు. మైల పేరుతో సరుకు ముట్టనివ్వని ఊరు ఈసారి సరుకే అమ్మనంది. ఇంత జరిగాక కూడా వెనక్కి పోనివాళ్ళను "అమ్ముడుపోయినోళ్ళు" అనడానికి నోరెట్లా వస్తుంది? అమ్ముడుపోయినవాడి చేతిలో డబ్బు ఉంటుంది. మనవాళ్ళ చేతిలో వీపు మీది వాతలున్నాయి.

"సరే, స్కూళ్ళు? ఆస్పత్రులు? అవి ప్రలోభం కావా?" అని అడుగుతారు. ఈ ప్రశ్నను దాటేయొద్దు. అవును, చదువు దొరికింది. వైద్యం దొరికింది. పేరు పెట్టి పిలిచే మనిషి దొరికాడు. మెదక్‌లో 1924 క్రిస్మస్ రోజున తెరిచిన కెథడ్రల్ కూడా కరువులో పనికి కూడు పెడుతూ లేచిందే. దాచుకోవాల్సిన పని లేదు. మా అమ్మ కొసరు అడుగుతుంది కదా. బెండకాయలు కొని పచ్చిమిరపకాయలు కొసరు వేయించుకున్న మనిషిని మిరపకాయలకు అమ్ముడుపోయిందని ఎవరైనా అంటారా?

పోనీ కొసరు కోసమే వెళ్ళినవాళ్ళు ఎవరో చూద్దామా? మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ 1843లో ఇంగ్లీషు బడి పెట్టాడు. అది పెద్దకులాల పిల్లల కోసం పెట్టిన బడి. ఆ మాదిరి మిషన్ బళ్ళలో, కాలేజీల్లో ఇంగ్లీషు నేర్చుకుని ఉద్యోగాలకెక్కి, క్రీస్తును గేటు దగ్గరే వదిలేసి వచ్చిన కుటుంబాలు కోస్తాలో ఎన్నో. సరుకు వద్దని కొసరు మాత్రం పట్టుకుపోయినవాళ్ళు తెలివైనవాళ్ళయ్యారు. సరుకు కొని, ధర కట్టి, దాంతోపాటు కొసరు అడిగినవాళ్ళు అమ్ముడుపోయినవాళ్ళయ్యారు.

ఈ న్యాయం వెనుక ఒక నమ్మకం ఉంది. అంటరానివాడికి ఎంచుకునే బుద్ధి లేదనే నమ్మకం. దీన్ని మామూలు మనుషులే కాదు, మహాత్ములూ మాట్లాడారు. 1936 చివర్లో జాన్ మాట్ అనే క్రైస్తవ నాయకుడితో గాంధీ చేసిన సంభాషణ "హరిజన్" పత్రికలో వచ్చింది. ఆవుకు సువార్త చెబుతారా అని గాంధీ ఆయన్ని అడిగాడు. అంటరానివాళ్ళలో కొందరు అర్థం చేసుకోవడంలో ఆవు కన్నా తక్కువే అన్నాడు. అదే కాలంలో మన దోర్నకల్‌లో వి.ఎస్. అజరయ్య ఉన్నాడు. 1912లో ఆంగ్లికన్ సంఘానికి తొలి భారతీయ బిషప్ అయిన మనిషి. ఆయన చుట్టూ ఉన్న సంఘాల్లో అత్యధికులు ఈ మాలమాదిగలే. వాళ్ళకు తెలిసే వస్తున్నారని, వాళ్ళ బతుకులు మారుతున్నాయని ఆయన గాంధీ వాదనను ఒప్పుకోలేదు.

స్వాతంత్ర్యం వచ్చాక ఆ నమ్మకం చట్టంలోకి ఎక్కింది. ఒరిస్సా 1967లో తెచ్చిన మత స్వేచ్ఛ చట్టం చూడండి. బలవంతంగానో ప్రలోభపెట్టో మతం మారిస్తే ఏడాది వరకు జైలు. మారినవాళ్ళు మైనర్ పిల్లలో, ఆడవాళ్ళో, ఎస్సీ ఎస్టీలో అయితే రెండేళ్ళ వరకు. పిల్లలు, ఆడవాళ్ళు, దళితులు, ఆదివాసులు ఒకే వరసలో. వీళ్ళకు బజారుకు పోయి సొంతంగా ఏదీ కొనడం రాదని చట్టం అనుకుంది.

ఇప్పుడు మన కాలానికి వద్దాం. ఎందుకంటే ఆ కొనుగోలుకు కిస్తీలు ఇంకా కడుతూనే ఉన్నాం.

1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువులు కానివాళ్ళు షెడ్యూల్డ్ కులాల కిందికి రారు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే ఉన్నారు. మన తెలుగు నేల మీద క్రైస్తవంలోకి పోయిన ఎస్సీలను, వాళ్ళ పిల్లలను బీసీ-సి అన్నారు. ఎస్సీలకు 15 శాతం, బీసీ-సికి 1 శాతం. మద్రాసులో సూసై అనే చెప్పులు కుట్టే ఆదిద్రావిడ క్రైస్తవుడు ఉండేవాడు. రోడ్డు పక్కన కూర్చుని చెప్పులు కుట్టే ఎస్సీలకు ప్రభుత్వం ఉచితంగా బంకులు ఇచ్చినప్పుడు, క్రైస్తవుడివని ఆయనకు ఇవ్వలేదు. సుప్రీంకోర్టుకు పోయాడు. మతం మారాక కూడా అదే తీవ్రతతో కుల పీడన ఉందని రుజువులు చాలలేదని 1985లో కోర్టు కేసు కొట్టేసింది. అదే ఎండ, అదే రోడ్డు, అదే తోలు. పక్కన కూర్చున్నవాడికి బంకు వచ్చింది, ఈయనకు రాలేదు. 2025లో మన పక్క ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవం తీసుకున్న వ్యక్తికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదంది. ఊరు తిట్టేటప్పుడు, కొట్టేటప్పుడు మతం అడగదు. కేసు పెట్టేటప్పుడు అడుగుతున్నారు.

ఈ మూడో పేరాను తీసేయమని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే చెప్పింది. అది అట్లా ఉండగానే 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ నాయకత్వంలో ఇంకో కమిషన్ వేశారు.

మరో సంగతి గమనించండి. తిరిగి హిందువైతే, కులం వాళ్ళు ఒప్పుకుంటే, ఎస్సీ హోదా తిరిగి వస్తుందని సుప్రీంకోర్టు 2015లో కె.పి. మను కేసులో చెప్పింది. అంటే సరుకు వాపసు ఇస్తే డబ్బు వాపసు. పదిహేను శాతం, హాస్టల్ సీటు, స్కాలర్‌షిప్పు, కేసులో రక్షణ అన్నీ వాపసు. ఇప్పుడు చెప్పండి, మత ప్రలోభం ఈ దేశంలో ఎవరి చేతిలో ఉంది? పాలపొడి డబ్బా పెద్దదా, ఇది పెద్దదా?

2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1.34 శాతం అని లెక్క తేలింది. ఆదివారం ఏ పల్లెలోనైనా వాడ చర్చి ముందు నిలబడి చూసినవాళ్ళకు ఆ అంకె వెనకున్న భయం అర్థమవుతుంది. నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి ఉంది. మొదటి స్కాలర్‌షిప్పు డబ్బులతో బైబిలు కొనుక్కుంది. తన ప్రతి పుస్తకం మొదటి పేజీలో గుండ్రటి అక్షరాలతో పేరు, రోల్ నంబర్ రాసుకునే పిల్ల, ఆ ఒక్క పుస్తకం మీద పేరు రాసుకోలేదు. "ఎవరన్నా ఫోటో తీసి పెడితే సర్టిఫికెట్ పోతది మేడం" అంది. సొంత డబ్బుతో కొన్న పుస్తకాన్ని దొంగ సొత్తులా దాచుకుంటోంది. ఆ పిల్లకు నేను ధైర్యం చెప్పలేదు. ధైర్యం చెప్పడానికి నా ఉద్యోగం నాకుంది, ఆ పిల్లకు ఇంకా రాలేదు. ఎవరి కిస్తీ ఎంతో వాళ్ళకే తెలుసు. బయట నిలబడి "దొంగ హిందువు" అని ఒకరు, "పిరికి క్రైస్తవురాలు" అని ఇంకొకరు అనడం తేలిక.

ఇంతవరకు చదివి మన పాస్టరన్నలు సంతోషపడి ఉంటారు. కొంచెం ఆగండి. కొన్నవాడికి తూకం అడిగే హక్కు కూడా ఉంటుంది.

సమానత్వం అని చెప్పి ఇచ్చిన సరుకులో కులం కలిసి వచ్చింది. రెడ్డి క్యాథలిక్కులు, కమ్మ క్యాథలిక్కులు ఏసు ముందు మోకరిల్లుతారు, పెళ్ళి సంబంధం మాత్రం కులంలోనే చూస్తారు. మాల చర్చి, మాదిగ చర్చి అని వాడల్లో గోడలు లేచాయి. తెలుగు క్యాథలిక్కుల చరిత్ర మూడు వందల ఏళ్ళది. సంఘంలో ఎక్కువమంది దళితులే. అయినా ఒక దళితుడు కార్డినల్ కావడానికి 2022 దాకా ఆగాల్సి వచ్చింది. ఆయన మన హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంథోనీ. జాషువాను చూడండి. అంటరానివాడని ఊరు దూరం పెట్టింది, పురాణాలు చదువుతున్నాడని క్రైస్తవ పెద్దలు వెలేశారు. రెండు దుకాణాల వాళ్ళూ బయటికి గెంటిన ఆ మనిషే "గబ్బిలం" రాశాడు, "క్రీస్తు చరిత్ర" రాసి 1964లో కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డు తీసుకున్నాడు. ఎవరు గెంటినా క్రీస్తు మాత్రం నావాడే అన్నట్టు ఉంటుంది ఆ ధీమా. కళ్యాణరావు "అంటరాని వసంతం" నవల చదివినవాళ్ళకు, మతం మారిన వాడ ఏం పొందిందో, ఏం పొందలేదో మళ్ళీ చెప్పక్కర్లేదు.

తూకం తక్కువైతే కొందరు కొట్లాడి సరి చేయించుకుంటారు. కొందరు వేరే దుకాణానికి పోతారు. రెండూ కొనేవాడి హక్కులే. 1935 అక్టోబర్ 13న యేవలాలో హిందువుగా చావనని చెప్పిన బాబాసాహెబ్, బౌద్ధం తీసుకుంది 1956 అక్టోబర్ 14న. మధ్యలో ఇరవై ఒక్క ఏళ్ళు. ప్రతి మతాన్నీ తిప్పి చూశాడు, క్రైస్తవాన్ని కూడా నిలదీశాడు. మన ఉస్మానియా ఆయనకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది 1953 జనవరి 12న. అప్పటికి ఆయన ఇంకా ఎంచుకుంటూనే ఉన్నాడు. పేరయ్య తేల్చుకున్నది ఒకటి, బాబాసాహెబ్ తేల్చుకున్నది ఇంకొకటి. అంబేడ్కర్‌వాదులమైన మనం ఈ ఇద్దరినీ కొట్లాటకు పెట్టనక్కర్లేదు. ఇద్దరూ ఒకే పని చేశారు. పుట్టుకతో నెత్తిన పెట్టినదాన్ని కింద పెట్టి, చేత్తో పట్టుకుని చూసి, నాకు కావాల్సింది నేను తీసుకుంటానన్నారు.

ఈ బజారు పోలిక ఒక చోట ఆగిపోతుందని నాకూ తెలుసు. బెండకాయ కొన్నవాణ్ణి బెండకాయ మార్చదు. విశ్వాసం మారుస్తుంది. మా నాయనమ్మకు అక్షరాలు రావు, కానీ కీర్తనల పుస్తకం తెరిచి పెట్టుకునేది. తలకిందులుగా పట్టుకుందేమోనని నేను చూసేదాన్ని. ఎప్పుడూ సరిగ్గానే పట్టుకునేది. అది ధరతో లెక్క తేలే విషయం కాదు.

చివరగా ఒక పని చెబుతాను. 2,222 అని నేను పైన రాసిన అంకె ఎక్కడిది? మిషన్ లెక్కల్లోది. అమెరికాలో చందాలిచ్చే వాళ్ళకు చూపించడానికి రాసుకున్న అమ్మేవాళ్ళ ఖాతా పుస్తకం అది. పేరయ్య పేరు మనకు దక్కింది కూడా క్లౌ భార్య ఎమ్మా పుస్తకాలు రాసింది కాబట్టే. ఆ రోజు ఏట్లో మునిగి లేచిన రెండు వేల పైచిలుకు మందిలో మనకు తెలిసిన పేర్లెన్ని? కొన్నవాళ్ళ పద్దు ఎవరూ రాయలేదు. అది మన ఇళ్ళలోనే ఉంది, ముసలివాళ్ళ నోళ్ళలో, రోజుకింత తరిగిపోతూ ఉంది.

రీసెర్చ్ చేస్తున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఈ సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు నాయనమ్మనో అమ్మమ్మనో కూర్చోబెట్టి అడగండి. మొదట ఎవరు విన్నారు? ఇంట్లో ఎవరు వద్దన్నారు? ఎన్నాళ్ళు ఆలోచించారు? ఊరు ఏం బందు పెట్టింది? ఏం పోయింది, ఏం మిగిలింది? ఫోన్లో రికార్డు చేయండి. తారీఖు వేయండి. వాళ్ళు ఒప్పుకుంటే పేరు కూడా రాయండి.

వచ్చే వారం తొమ్మిదో భాగంలో డప్పు మానేసిన వాడల గురించి, మళ్ళీ డప్పు చేతికి తీసుకున్న వాడల గురించి మాట్లాడుకుందాం.

జై భీమ్.